హుస్సేన్‌సాగర్ నీటిచుక్కలో ఎవరున్నారు, ఎవరు లేరు? శైవలాలను (ఆల్గేను) బట్టి చెరువు నీటి నాణ్యతను అంచనా వేయడంపై చర్చ

ట్యాంక్‌బండ్ బాటసారి | ఏప్రిల్ 21, ఉదయం 8:15

సభ్యులందరికీ నమస్కారం. ఆరేళ్లుగా నెక్లెస్ రోడ్డు వైపు ఉదయపు నడకకు వెళ్తున్నాను. ఏటా ఎండలు ముదిరేసరికి, గాలి తోసుకొచ్చిన మూలల్లో, ఎవరో ఆకుపచ్చ పెయింటు డబ్బా ఒలకబోసినట్లు నీటి మీద చిక్కటి పొర పేరుకుంటుంది. ఎండ తగిలిన చోట ఆ పొర అంచులు నీలిరంగుకు తిరిగి, రాళ్లకు అంటుకుని ఎండిపోతాయి. ఇన్నాళ్లూ దాన్ని 'నాచు' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్నాను. మా అమ్మాయి డిగ్రీ చదివే రోజుల్లో కొన్న సూక్ష్మదర్శిని ఇంట్లో ఖాళీగా పడి ఉంటే, మొన్న ఆదివారం అరలీటరు సీసాలో నీళ్లు పట్టుకొచ్చి ఒక చుక్కను గాజుపలక మీద వేసి చూశాను.

అందులో ఎక్కువగా కనిపించినవి నిర్దిష్టమైన ఆకారం లేని గుంపులు. నానిన సగ్గుబియ్యం ముద్దలో ఆవాలు చల్లితే ఎలా ఉంటుందో అలా, ఒక జిగురులో వందలాది చిన్న గుండ్రని కణాలు చిక్కుకుని ఉన్నాయి. వాటి మధ్య కొన్ని సన్నని పోగులు మెల్లగా అటూ ఇటూ ఊగుతున్నాయి. నాలుగేసి కణాలు పక్కపక్కన అతుక్కుని, చివరి వాటికి కొమ్ముల్లాంటివి ఉన్నవి కొన్ని ఉన్నాయి. పడవ ఆకారంలో గోధుమరంగువి మరికొన్ని ఉన్నాయి. ఇవేమిటో, వీటిని బట్టి నీటి నాణ్యత గురించి ఏమైనా చెప్పవచ్చునో తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

విశ్రాంత వృక్షశాస్త్రం | ఏప్రిల్ 21, సాయంత్రం 6:40

బాటసారి గారూ, మీ వర్ణన బాగుంది. సగ్గుబియ్యం ముద్ద అన్నది మైక్రోసిస్టిస్. ఊగే పోగులు ఆసిలటోరియా; ఆ ఊగడాన్ని బట్టే దానికి ఆ పేరు వచ్చింది. కొమ్ములున్న నాలుగు కణాలది సీనెడెస్మస్, పడవలు నావిక్యులా ప్రజాతికి చెందిన డయాటమ్‌లనే ఏకకణ శైవలాలు. మొదటి రెండూ నీలి ఆకుపచ్చ శైవలాలు. నిజానికి అవి బాక్టీరియా వర్గానికి చెందినవి గనుక నేడు వాటిని సయనోబాక్టీరియా అంటున్నారు. ఒడ్డున మీరు చూసిన నీలిరంగు చచ్చిన కణాల నుంచి బయటికి కారిన ఫైకోసయనిన్ అనే వర్ణకానిది.

మైక్రోసిస్టిస్ కణాల్లో గాలితో నిండిన సూక్ష్మమైన తిత్తులుంటాయి. వాటి సాయంతో అది గాలి లేని ఉదయాల్లో నీటి పైకి తేలి, వెలుతురును తాను అందుకుంటూ కిందనున్న మిగతా శైవలాలకు నీడ పరుస్తుంది. నీటిలో భాస్వరం, నత్రజని విపరీతంగా ఉండి, నీరు వెచ్చగా, కదలిక లేకుండా ఉన్నప్పుడు దానికి ఎదురుండదు. కాబట్టి మీరు చూసిన పొర ఆ చెరువుకు వారాల తరబడి ఏం అందుతోందో చెప్పే లెక్కల పుస్తకం వంటిది.

సూక్ష్మదర్శిని లేనివారు కూడా చేయగల పరీక్షలు రెండున్నాయి. పారదర్శకమైన సీసాను ముప్పావు వంతు నింపి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లవారేసరికి ఆకుపచ్చదనం పైన వలయంలా తేలితే నీలి ఆకుపచ్చ శైవలాలు ఎక్కువగా ఉన్నట్లు, అడుగుకు దిగితే మామూలు ఆకుపచ్చ శైవలాలు ఉన్నట్లు భావించవచ్చు. రెండోది, ఒక పుల్లను పొరలో ముంచి తీయండి. జుట్టులా పోగులు వేలాడితే అది పోగు నాచు, పెయింటు పూసినట్లు పుల్లకు అంటుకుంటే మైక్రోసిస్టిస్ వంటిది. ఇవి మొదటి అంచనాలు మాత్రమే. చేతికి తొడుగు లేకుండా ఆ పొరను తాకవద్దు.

జలపరీక్ష | ఏప్రిల్ 22, ఉదయం 10:05

నేను పదిహేనేళ్లుగా నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. పెద్దలు చెప్పినదాన్ని కాదనను గాని ఒక సందేహం ఉంది. కరిగిన ఆక్సిజన్, బీఓడీ (నీటిలోని మురుగు కుళ్లడానికి పట్టే ఆక్సిజన్), అమ్మోనియా, ఫాస్ఫేట్ వంటివాటిని కొలిచే పద్ధతులు మన చేతిలో ఉండగా, చూసేవారి కంటిని బట్టి మారిపోయే శైవలాల లెక్కలు ఎందుకు? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ ప్రకారం వన్యప్రాణులకూ చేపల పెంపకానికీ పనికివచ్చే 'డి' తరగతి నీటిలో ఆక్సిజన్ లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలి, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. అంకె వచ్చిందంటే వాదన ముగుస్తుంది. శైవలాల పేర్ల దగ్గర మాత్రం ఇద్దరు నిపుణులు కూడా ఒక మాట మీద ఉండరు.

కొల్లేటి రైతు | ఏప్రిల్ 22, మధ్యాహ్నం 2:30

జలపరీక్ష గారికి నమస్కారం. నేను కైకలూరు దగ్గర చేపల చెరువులు చేస్తాను. మీరు చెప్పిన అంకెతో వాదన ముగియదని మాకు అనుభవం నేర్పింది. నాలుగేళ్ల క్రితం మా చెరువు నీరు చిక్కటి ఆకుపచ్చగా మారితే, పరీక్షకు పంపుదామని ఉదయం పదకొండు గంటలకు నీళ్లు తీశాము. ఆక్సిజన్ లీటరుకు 9 మిల్లీగ్రాములని వచ్చింది. ఇంకేమి, నీరు బంగారంలా ఉందనుకున్నాము. ఆ మర్నాడే తెల్లవారుజామున నాలుగు గంటలకు కాపలా కుర్రవాడు ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే చెరువు నిండా చేపలు నోళ్లు పైకి పెట్టి తేలుతున్నాయి. ఏరేటర్లు తిప్పి, ఇంజన్‌తో కొత్తనీరు ఎక్కించి కొన్నిటిని నిలబెట్టుకున్నాము, కొన్ని పోయాయి.

పగలు ఆ పచ్చదనమే ఎండలో ఆక్సిజన్ తయారు చేసి అంకెను పెంచింది. రాత్రి అదే పచ్చదనం చేపలతో పోటీపడి ఆ ఆక్సిజన్‌ను పీల్చేసింది. అందువల్ల మా దగ్గర అనుభవమున్న రైతు మీటరు కంటే ముందు నీటి రంగు చూస్తాడు, మోచేయి వరకు చేయి ముంచి వేళ్లు కనిపిస్తున్నాయో లేదో చూస్తాడు. లేత ఆకుపచ్చ, గోధుమరంగు కలిసిన నీరు మాకు ఇష్టం. చిలకపచ్చ రంగు తిరిగి గాలివాటున మీగడ కడితే మేతా ఎరువూ ఆపేస్తాము.

విశ్రాంత వృక్షశాస్త్రం | ఏప్రిల్ 22, రాత్రి 9:10

రైతు గారు నా పని తేలిక చేశారు. దానికి ఇంకొకటి కలుపుతాను. పగటిపూట శైవలాలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడం వల్ల పీహెచ్ 9 దాటిపోవడం కద్దు. పీహెచ్ పెరిగేకొద్దీ నీటిలోని అమోనియం చేపలకు విషమైన అమ్మోనియాగా మారుతుంది. అంటే మధ్యాహ్నం ఆక్సిజన్ దండిగా కనిపించే నీటిలోనే అమ్మోనియా ముప్పు ఎక్కువగా ఉంటుంది.

జలపరీక్ష గారు ఫాస్ఫేట్ అన్నారు. శైవలాలు ముమ్మరంగా పెరిగిన చెరువులో కరిగిన ఫాస్ఫేట్‌ను కొలిస్తే ఒక్కోసారి దాదాపు శూన్యం వస్తుంది, ఎందుకంటే అదంతా అప్పటికే కణాల్లోకి చేరిపోయి ఉంటుంది. కాగితం మీద చెరువు పరిశుభ్రంగా కనిపిస్తుంది, కంటికి పచ్చగా కనిపిస్తుంది. మొత్తం భాస్వరం కొలిస్తేనే నిజం బయటపడుతుంది. రసాయన పరీక్ష ఆ క్షణపు నీటిని గురించి చెబుతుంది, శైవలాల సమూహం గత కొన్ని వారాల నీటిని గురించి చెబుతుంది. ఒకదానికి బదులు మరొకటి చేయమని ఎవరూ అనడం లేదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కోల్క్‌విట్జ్, మార్సన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు 1900ల తొలి దశకంలోనే మురుగు కలిసిన నదుల్లో దూరం పెరిగేకొద్దీ జీవుల వరుస ఎలా మారుతుందో చూసి, నీటిని తరగతులుగా విభజించారు. మన నగరంలోనూ ఈ పని జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జాఫర్ హైదరాబాద్ చేపల చెరువుల్లోని శైవలాలపై చేసిన పరిశోధన 1964లో 'హైడ్రోబయాలజియా' పత్రికలో వచ్చింది. మూసీ నదిలోని శైవలాలకూ కాలుష్యానికీ గల సంబంధంపై వెంకటేశ్వర్లు రాసిన వ్యాసం 1969లో అదే పత్రికలో వెలువడింది. మా తరం విద్యార్థులు ఆ వ్యాసాలను జిరాక్సు తీయించుకుని చదువుకున్నారు. ఇప్పటి పిల్లలకు ఆ పేర్లు తెలియకపోవడం నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

ఎమ్మెస్సీ విద్యార్థిని | ఏప్రిల్ 23, ఉదయం 7:50

సార్, నేను వరంగల్‌లో చదువుతున్నాను. మాకు పామర్ సూచిక పాఠంలో ఉంది. బాటసారి గారు చూసినవాటికి దాన్ని వర్తింపజేయవచ్చు గదా?

విశ్రాంత వృక్షశాస్త్రం | ఏప్రిల్ 23, ఉదయం 11:20

తప్పకుండా వర్తింపజేయవచ్చునమ్మా, అయితే దాని పరిమితులు తెలుసుకుని చేయాలి. పామర్ 165 మంది రచయితల నివేదికలను క్రోడీకరించి, సేంద్రియ కాలుష్యాన్ని తట్టుకునే 20 ప్రజాతులకు (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) 1 నుంచి 5 వరకు మార్కులిచ్చి 1969లో ప్రచురించాడు. యూగ్లీనాకు 5, ఆసిలటోరియాకు 5, క్లామిడోమోనాస్‌కు 4, సీనెడెస్మస్‌కు 4, క్లోరెల్లా, నావిక్యులా, నిట్జ్‌షియాలకు మూడేసి, ఆ తరవాతివాటికి ఒకటీ రెండూ. నమూనాలో ఉన్నవాటి మార్కులు కూడితే 20 లేదా అంతకు మించి వస్తే సేంద్రియ కాలుష్యం తీవ్రంగా ఉన్నట్లు, 15 నుంచి 19 వరకు వస్తే ఉండే అవకాశం బలంగా ఉన్నట్లు. బాటసారి గారు లెక్క కట్టి చూపితే మిగతాది తరవాత మాట్లాడుకుందాము.

ట్యాంక్‌బండ్ బాటసారి | ఏప్రిల్ 27, మధ్యాహ్నం 12:45

ఈ ఆదివారం మళ్లీ నీళ్లు తెచ్చాను. ఇంటర్నెట్‌లోని బొమ్మలతో పోల్చుకుంటూ నాలుగు గంటలు కూర్చున్నాను. నాకు కనిపించినవి: ఆసిలటోరియా 5, యూగ్లీనా 5, సీనెడెస్మస్ 4, నిట్జ్‌షియా 3, నావిక్యులా 3, సైక్లోటెల్లా 1. మైక్రోసిస్టిస్ పేరు పట్టికలో కనిపించలేదు గాని, అందులోని అనాసిస్టిస్ అదేనని ఒకచోట చదివి 1 వేశాను. మొత్తం 22. అంటే తీవ్రమైన కాలుష్యమే గదా!

ఇంకొక మాట. నీటిలో తొంభై శాతం కనిపిస్తున్నది మైక్రోసిస్టిస్ అయితే దానికి ఒక్క మార్కేమిటి? ఎక్కడో ఒకటి కనిపించిన యూగ్లీనాకు అయిదు మార్కులేమిటి? ఇదేం న్యాయమో నాకు అర్థం కాలేదు.

జలపరీక్ష | ఏప్రిల్ 27, సాయంత్రం 5:15

నేను అన్నది ఇదే. బాటసారి గారూ, మీరు యూగ్లీనాలను ఎన్నింటిని చూశారు?

ట్యాంక్‌బండ్ బాటసారి | ఏప్రిల్ 27, సాయంత్రం 5:40

నాలుగు గంటల్లో రెండు. ఒకటి ఈదుకుంటూ వెళ్లిపోయింది.

విశ్రాంత వృక్షశాస్త్రం | ఏప్రిల్ 27, రాత్రి 8:30

జలపరీక్ష గారు సరైన ప్రశ్న వేశారు. పామర్ పద్ధతిలో ఒక ప్రజాతి 'ఉంది' అనాలంటే మిల్లీలీటరుకు కనీసం 50 ఉండాలి. కంటబడిన ప్రతిదానికీ మార్కు వేస్తే ఎంత ఎక్కువసేపు చూస్తే అంత ఎక్కువ కాలుష్యం తేలుతుంది! యూగ్లీనాను తీసేస్తే మీ మొత్తం 17కు దిగుతుంది. అంటే మీ తీర్పు 'తీవ్రం' నుంచి 'అవకాశం బలంగా ఉంది' అన్నదానికి మారిపోయింది. చెరువులో ఏమీ మారలేదు, మీ లెక్క మారింది. మిగతావాటిని కూడా లెక్కించకుండా వేశారు గనుక ఈ 17ను కూడా పెన్సిల్‌తోనే రాసుకోండి.

అనాసిస్టిస్ విషయం మీరు సరిగానే పట్టుకున్నారు. పామర్ కాలంలో కొందరు మైక్రోసిస్టిస్‌ను ఆ పేరు కిందే వర్గీకరించేవారు. దానికి ఒక్క మార్కే ఎందుకంటే, ఆయన కొలవదలచుకున్నది మురుగు వంటి సేంద్రియ కాలుష్యాన్ని తట్టుకునే శక్తిని. మైక్రోసిస్టిస్ ప్రధానంగా సూచించేది పోషకాల సమృద్ధిని. ఎరువులు కొట్టుకొచ్చిన చెరువులో ఒక్క బొట్టు మురుగు కలవకపోయినా అది పెరగవచ్చు. ఈ రెండు ప్రశ్నలనూ మనవాళ్లు తరచు కలిపేస్తారు, ప్రచురితమైన వ్యాసాల్లో కూడా.

సియాటిల్ నివాసి | ఏప్రిల్ 28, తెల్లవారుజామున 3:20

నేను సియాటిల్‌లో ఉంటున్నాను, మా ఇంటికి దగ్గరలోని లేక్ వాషింగ్టన్ కథ ఈ చర్చకు సరిగ్గా పనికివస్తుందనిపించి రాస్తున్నాను. 1941 నుంచి 1963 వరకు చుట్టుపక్కల పట్టణాల మురుగునీరు శుద్ధి కేంద్రాల్లో శుద్ధి అయి ఈ సరస్సులోనే కలిసేది. శుద్ధి చేసినప్పటికీ అందులో భాస్వరం మిగిలిపోయేది. 1955లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్మండ్‌సన్ బృందం నీటిలో ఆసిలటోరియా రూబెసెన్స్ అనే నీలి ఆకుపచ్చ శైవలాన్ని గమనించింది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ సరస్సు చెడిపోయే క్రమంలో ఇదే శైవలం తలెత్తిన సంగతి ఆయనకు తెలుసు. నీరు అప్పటికి ఇంకా మామూలు జనం ఫిర్యాదు చేసేంతగా పాడు కాలేదు. ఆయన హెచ్చరికలు ప్రజల్లోకి వెళ్లాయి, 1958లో ఈ సమస్యపై ఓటింగు జరిగింది, 1963 నుంచి 1968 వరకు మురుగును దశలవారీగా సరస్సు నుంచి మళ్లించారు. ఒక దశలో నీటి స్పష్టత, అంటే కంటికి కనిపించే లోతు, సుమారు ఒక మీటరుకు పడిపోయింది. 1970లలో అది మూడు మీటర్లు దాటింది. 1976 తరవాత డాఫ్నియా అనే నీటిపురుగులు పెరిగి శైవలాలను తినేయడంతో ఇంకా మెరుగైంది.

నాకు ఇందులో ముఖ్యమనిపించేది ఆ ఒక్క శైవలం కనిపించడం కాదు. అది కొత్తగా వచ్చిందని ఆయన చెప్పగలగడానికి కారణం, 1933లోనూ 1950 ప్రాంతంలోనూ అదే సరస్సును పరిశీలించినవారి రికార్డులు ఆయన చేతిలో ఉండటం. పాత జాబితాలో లేనిదని తెలిస్తేనే 'వచ్చింది' అనగలం.

జలపరీక్ష | ఏప్రిల్ 28, ఉదయం 9:30

సియాటిల్ మిత్రుని ఉదాహరణ బాగుంది గాని, హుస్సేన్‌సాగర్‌తో పోలిక కుదరదు. అక్కడి సరస్సు గరిష్ఠ లోతు 65 మీటర్లు. మన చెరువు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో 1562 ప్రాంతంలో కట్టినది, లోతు తక్కువ, పూడిక ఎక్కువ. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల నుంచి దశాబ్దాలుగా వచ్చినదంతా అడుగున పేరుకుని ఉంది. పైనుంచి మురుగును మళ్లించినా, అడుగున ఆక్సిజన్ లేనప్పుడు ఆ బురద భాస్వరాన్ని తిరిగి నీటిలోకి వదులుతూనే ఉంటుంది. పైగా కూకట్‌పల్లి నాలా పారిశ్రామిక వ్యర్థాలను కూడా మోసుకొచ్చింది. పామర్ పట్టికలో సీసం, క్రోమియం వంటి లోహాలకు మార్కులు లేవు.

విశ్రాంత వృక్షశాస్త్రం | ఏప్రిల్ 28, రాత్రి 9:45

ఇందులో ప్రతి మాటా నిజం. లోహాల విషయంలో శైవలాలు బొత్తిగా మౌనంగా ఉంటాయనుకోవద్దు. డయాటమ్‌ల గోడలు సిలికాతో, అంటే గాజు వంటి పదార్థంతో చేసినవి; లోహాలు ఎక్కువైన నీటిలో ఆ గోడలు వంకరలు తిరిగి, గీతలు చెదిరి కనిపిస్తాయి. అలాంటివి ఎన్ని శాతమున్నాయో లెక్కించడం ఒక పద్ధతి. అయితే దానికి ఆమ్లంలో శుభ్రం చేసిన స్లైడ్లు, నూనెలో చూసే కటకం కావాలి. బాటసారి గారు ఇంట్లో ఆ ప్రయత్నం చేయవద్దని నా మనవి.

అదే గాజుగోడ వల్ల మరొక మేలుంది. డయాటమ్ చచ్చినా దాని గోడ కుళ్లదు, అడుగు బురదలో పొరలుపొరలుగా నిలిచి ఉంటుంది. బురదలోకి గొట్టం దింపి తీసి, కింది పొర నుంచి పై పొర దాకా చూస్తే రికార్డులు రాయని కాలపు చెరువు కూడా కొంత మాట్లాడుతుంది. సియాటిల్ మిత్రుడు చెప్పిన పాత జాబితా మనకు లేదని చేతులు ముడుచుకోనక్కరలేదు.

ఇక నేను మొదటినుంచీ చెప్పాలనుకుంటున్న మాట. మనమంతా నీటిలో ఎవరున్నారని అడుగుతున్నాము. ఎవరు లేరన్నది అంతకంటే ముఖ్యం. ఆసిలటోరియా, సీనెడెస్మస్ దాదాపు ప్రతి చెరువులోనూ కొద్దో గొప్పో ఉంటాయి. పోషకాలూ, సున్నం వంటి లవణాలూ తక్కువగా ఉండే నీటిలో డెస్మిడ్‌లనే అందమైన ఆకుపచ్చ శైవలాలుంటాయి. వాటిలో చాలావరకు నడుమ సన్నగా నొక్కినట్లుండి, రెండు సగాలు అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. పోషకాలు పెరిగిన చోట సాధారణంగా ముందుగా తగ్గిపోయేవి అవే. డెన్మార్క్ శాస్త్రవేత్త న్యూగార్డ్ 1949లో ప్రతిపాదించిన నిష్పత్తిలో నీలి ఆకుపచ్చ శైవలాలు, యూగ్లీనాలు వంటివాటి జాతుల సంఖ్య లవంలోనూ, డెస్మిడ్‌ల సంఖ్య హారంలోనూ ఉండటానికి కారణం ఇదే. బాటసారి గారి జాబితాలో ఒక్క డెస్మిడ్ కూడా లేదు. నన్ను అడిగితే, 17 మార్కుల కంటే ఆ ఖాళీయే ఎక్కువ చెబుతోంది.

జలపరీక్ష | ఏప్రిల్ 29, ఉదయం 8:20

లేనిదాన్ని చూడటానికి కూడా చూసేవారికి దాన్ని గుర్తుపట్టడం రావాలి గదా. బాటసారి గారు డెస్మిడ్‌ను ఎప్పుడైనా చూశారా? చూడనివారి జాబితాలో అది లేకపోవడం నీటి లోపమా, కంటి లోపమా?

ట్యాంక్‌బండ్ బాటసారి | ఏప్రిల్ 29, ఉదయం 9:00

చూడలేదు. ఒప్పుకుంటున్నాను.

విశ్రాంత వృక్షశాస్త్రం | ఏప్రిల్ 29, రాత్రి 7:30

ఈ దెబ్బ నాకు తగిలింది. నిజమే, డెస్మిడ్‌లను తెలిసిన కన్ను అదే నమూనాను చూసేదాకా నా మాటను పక్కన పెట్టండి.

కొల్లేటి రైతు | ఏప్రిల్ 30, ఉదయం 6:10

ఈ పొరను తీసేయడానికి మైలుతుత్తం చల్లితే పోతుందని కొందరంటారు. అలా చేయవద్దని రాయడానికే వచ్చాను. ఒక మందుల దుకాణం వారి సలహాతో నేను ఒకసారి చల్లాను. రెండు రోజుల్లో ఆకుపచ్చ రంగు పోయి నీరు టీ డికాషన్‌లా అయింది. చచ్చిన నాచంతా కుళ్లి ఆక్సిజన్ తినేసింది. మూడో రోజు పొద్దున చూసిన చెరువు నాకు ఇప్పటికీ గుర్తుంది. దానికి తోడు, మిగిలిన చేపలు పట్టుబడికి వచ్చినప్పుడు మట్టివాసన కొడుతున్నాయని కొనేవారు ధర తగ్గించారు. ఆ వాసన మట్టిది కాదని, కొన్ని నీలి ఆకుపచ్చ శైవలాలు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిదని తరవాత తెలుసుకున్నాను.

విశ్రాంత వృక్షశాస్త్రం | ఏప్రిల్ 30, మధ్యాహ్నం 1:15

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. మైక్రోసిస్టిస్‌లోని కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మైలుతుత్తంతో కణాలను ఒక్కసారిగా చంపితే లోపలున్న విషమంతా నీటిలో కలుస్తుంది. నీటిని మరిగిస్తే ఆ విషం పోదు. 1996లో బ్రెజిల్‌లోని కరువారు నగరంలో డయాలసిస్ కేంద్రానికి వచ్చిన నీటిలో ఈ విషం చేరి యాభైమందికి పైగా రోగులు చనిపోయారు. తాగునీటిలో మైక్రోసిస్టిన్-ఎల్ఆర్ లీటరుకు ఒక మైక్రోగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. సూక్ష్మదర్శినిలో విషమున్న రకానికీ లేని రకానికీ తేడా కనిపించదు. ఇక్కడ మాత్రం జలపరీక్ష గారి ప్రయోగశాలకే వెళ్లాలి.

జలపరీక్ష | ఏప్రిల్ 30, సాయంత్రం 4:00

ఎట్టకేలకు నాకూ పని దొరికింది! అయితే బాటసారి గారికి నా వైపు నుంచి ఒక సూచన. నీటి స్పష్టతను కొలిచే సెచ్చీ ఫలకం తయారుచేసుకోండి. 1865లో ఇటలీకి చెందిన సెచ్చీ అనే మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త వాడిన సాధనం. 20 సెంటీమీటర్ల గుండ్రని పలకను నాలుగు భాగాలు చేసి, ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వేసి, మధ్యలో గుర్తులు పెట్టిన తాడు కట్టి, కింద బరువు వేలాడదీయండి. నీటిలోకి దింపుతూ అది కనుమరుగైన లోతునూ, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతునూ రాసుకుని సగటు తీయండి. ఒడ్డున నిలబడి వద్దు, బోటు జెట్టీ చివర నుంచి కొలవండి. ప్రతివారం అదే చోట, అదే వేళకు.

ట్యాంక్‌బండ్ బాటసారి | మే 11, ఉదయం 11:30

పాత స్టీలు పళ్లెం కొలతకు సరిపోయింది. రెండు ఆదివారాలు కొలిచాను, రెండుసార్లూ 35 సెంటీమీటర్ల దగ్గర కనుమరుగైంది. స్పష్టతను బట్టి చెరువులో పోషకాల సమృద్ధిని అంచనా వేయడానికి కార్ల్‌సన్ 1977లో ఇచ్చిన సూత్రం ప్రకారం లెక్క కడితే సూచిక 75 వచ్చింది. స్పష్టత సగానికి తగ్గిన ప్రతిసారీ ఈ సూచిక పది పెరుగుతుందని అర్థమైంది: రెండు మీటర్లకు 50, ఒక మీటరుకు 60, అరమీటరుకు 70. చేపల చెరువుల్లో స్పష్టత ఎంత ఉంటుందో రైతు గారు చెబితే పోల్చుకుంటాను.

ఇంకొక చిక్కు వచ్చింది. లెక్కించడానికి అయోడిన్ ద్రావణం వేసి నిలవ ఉంచితే మిగతావన్నీ అడుగుకు దిగుతున్నాయి గాని, మైక్రోసిస్టిస్ మాత్రం పైకే తేలి, చుక్కను కప్పే పలచని గాజుకు (కవర్‌స్లిప్‌కు) అంటుకుంటోంది. దాన్ని లెక్కించడం ఎలా?

కొల్లేటి రైతు | మే 11, మధ్యాహ్నం 12:20

మేము 30 నుంచి 40 సెంటీమీటర్లు ఉండేలా చూసుకుంటాము. మీ చెరువు మా చెరువుల లెక్కలోనే ఉంది. తేడా ఏమిటంటే, ఎరువు మేము డబ్బు పెట్టి వేస్తాము.

విశ్రాంత వృక్షశాస్త్రం | మే 11, సాయంత్రం 6:50

రైతు గారి మాటకు నవ్వుకున్నాను, తరవాత నవ్వు ఆగిపోయింది.

బాటసారి గారి చిక్కుకు 1895 నాటి ఉపాయం ఉంది. జర్మనీకి చెందిన క్లేబాన్ మందపు సీసాను గాలిబుడగ లేకుండా నీటితో నింపి, బెండు బిరడా బిగించి, బిరడా మీద సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు. ఆ ఒత్తిడికి కణాల్లోని గాలితిత్తులు నలిగిపోయి, తేలే శైవలమంతా కిందికి దిగింది. మీరు చేస్తే సీసాను తడిగుడ్డలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. గాజు పలచగా ఉంటే మానుకోండి.

సెచ్చీ లెక్క విషయంలో ఒక హెచ్చరిక. వానలు పడ్డాక నాలాల నుంచి మట్టినీరు దిగితే స్పష్టత తగ్గుతుంది, అది శైవలాల వల్ల కాదు. అప్పుడు కార్ల్‌సన్ అంకె అర్థం మారిపోతుంది. అందుకే అంకె పక్కన నీటి రంగు కూడా రాయండి.

ఎమ్మెస్సీ విద్యార్థిని | జూన్ 2, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. డెస్మిడ్‌ను చూడని కన్ను అన్న మాట నన్ను వదల్లేదు. సెలవుల్లో పాఖాల చెరువుకు వెళ్లినప్పుడు, ఒడ్డున గడ్డి కాడలను పిండి కొన్ని నీళ్లు తెచ్చాను. కాకతీయ గణపతిదేవుని కాలం నాటి చెరువు, చుట్టూ అడవి. మొదటి స్లైడులోనే కాస్మేరియం కనిపించింది, సార్ చెప్పినట్లే నడుమ నొక్కిన రెండు సగాలు. ఒక గంటలో పద్నాలుగు లెక్కపెట్టాను. మైక్రోసిస్టిస్ గుంపులు రెండు మాత్రమే ఉన్నాయి.

తరవాత హైదరాబాద్ వచ్చినప్పుడు బాటసారి గారు అయోడిన్‌లో నిలవ ఉంచిన మూడు సీసాలూ తీసుకుని మా ప్రయోగశాలలో చూశాను. సుత్తి దెబ్బ బాగా పనిచేసింది, మైక్రోసిస్టిస్ అంతా అడుగునే ఉంది. మూడు సీసాల్లో కలిపి కాస్మేరియం ఒక్కటీ లేదు. ఒక స్లైడులో మాత్రం నెలవంక ఆకారంలో ఒకే ఒక క్లాస్టీరియం కనిపించింది. అది డెస్మిడ్ గదా, న్యూగార్డ్ లెక్కలో హారంలోకి వెళ్లాలి. కాని పామర్ పట్టికలో దానికి కాలుష్యాన్ని తట్టుకునేదిగా 1 మార్కు ఉంది. దీన్ని ఏ వైపు వేయాలి సార్?

జలపరీక్ష | జూన్ 2, ఉదయం 9:15

పద్నాలుగుకు శూన్యం. కాడలను పిండిన నీరూ, జెట్టీ దగ్గర ముంచిన నీరూ ఒకటి కావు, డెస్మిడ్‌లు మొక్కలను అంటుకుని ఉండటానికే ఇష్టపడతాయి గనుక పోలిక పూర్తిగా నిలవదు. ఇక్కడ కూడా గుర్రపుడెక్క వేళ్లను పిండి చూడాలి. అది చూశాక కూడా శూన్యమే వస్తే నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను.

విశ్రాంత వృక్షశాస్త్రం | జూన్ 2, రాత్రి 8:05

అమ్మా, క్లాస్టీరియంలో శుభ్రమైన నీటిలో మాత్రమే ఉండే జాతులూ ఉన్నాయి, మురుగును ఓర్చుకునేవీ ఉన్నాయి. ప్రజాతి పేరు దగ్గరే ఆగిపోయే ఏ పట్టికలోనైనా ఈ ఇబ్బంది తప్పదు. ఒకే ఒకటి గనుక పామర్ నియమం ప్రకారం దానికి మార్కు లేదు. ఏ వైపూ వేయకు. పొడవెంత, వెడల్పెంత, చివరలు మొద్దుగా ఉన్నాయా సూదిగా ఉన్నాయా, గోడ మీద గీతలున్నాయా కొలిచి రాసుకో. స్లైడు అంచులకు గోళ్లరంగు పూసి ఎండిపోకుండా మూసేయి. తేదీ, చోటు, లోతు రాసిన చీటీ అంటించు. బాటసారి గారు వచ్చే ఆదివారం గుర్రపుడెక్క వేళ్ల నీళ్లు పంపుతారు, రెండోది దొరుకుతుందేమో చూద్దాము.

ట్యాంక్‌బండ్ బాటసారి | జూన్ 2, రాత్రి 8:30

చేతితొడుగులు కొన్నాను. ఆదివారం ఉదయం ఆరు గంటలకు జెట్టీ దగ్గర ఉంటాను.